తాళం చూసే యంత్రం సరే, సరిదిద్దే మనిషి ఏడీ?

మద్నూర్: పత్తి బండి జిన్నింగ్ మిల్లు గేటు చేరకముందే రైతు పేరు, ఆధార్, పొలం వివరాలు కంప్యూటర్‌లోకి చేరిపోతున్నాయి. 2025-26 సీజనులో భారత పత్తి సంస్థకు పత్తి అమ్మదలచిన రైతులు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, ఏ రోజు తీసుకురావాలో ముందుగా ఖరారు చేసుకోవలసి వచ్చింది. ఆ సీజనుకు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ సొమ్ము రైతు చేతికి రాదు. ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాలో పడుతుంది.

సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర. మరో దిక్కున కర్ణాటక ఎంతో దూరం లేదు. తెలుగు, మరాఠీ, కన్నడం కలిసి వినిపించే ఈ సరిహద్దు మండలంలో ఇప్పుడు ప్రతి ఇంటి లెక్కా ఎక్కడో ఒక కంప్యూటర్‌లో ఉన్నది. ఉపాధి హామీ జాబ్ కార్డు, వృద్ధాప్య పింఛను, పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ బియ్యం - ఒక్కటీ మినహాయింపు కాదు.

ఊరికి పోయేటప్పుడు ఇంటికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకోవడం మనకు అలవాటు. మరి మన వివరాలున్న కంప్యూటర్లకు తాళం సరిగా పడిందో లేదో లాగి చూసేవారెవరు? ఆ పనికే సైబర్ భద్రతా పరీక్ష అని పేరు. ఇందులో చాలా భాగాన్ని నేడు యంత్రాలే చేస్తున్నాయి. అయితే యంత్రం చూపిన లోపాన్ని అర్థం చేసుకుని సరిచేయించే మనుషులు కావాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి తోడ్పాటు లేకపోతే యంత్రం ఉండీ లాభం లేదని అనుభవాలు చెబుతున్నాయి.

తేమ యంత్రం చెప్పే పాఠం

ఈ సంగతి పత్తి రైతులకు వేరే చెప్పనక్కరలేదు. పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి ధర. అంతకు మించితే కోత. 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ కొనదు. తేమ కొలిచే యంత్రం క్షణంలో అంకె చూపిస్తుంది. కాని దానిని కుప్ప పైన గుచ్చితే ఒక అంకె, అడుగున గుచ్చితే మరో అంకె. ఎక్కడ గుచ్చాలో, ఎన్నిచోట్ల గుచ్చాలో తెలిసిన మనిషి చేతిలోనే ఆ యంత్రానికి విలువ.

కంప్యూటర్ భద్రతా పరీక్ష కూడా సరిగ్గా ఇలాంటిదే. యంత్రం వేగంగా చూస్తుంది, అలసిపోదు. అర్ధరాత్రి కూడా చూస్తుంది. అయితే అది చెప్పిన దానిలో ఏది నిజమైన ప్రమాదమో, ఏది ఉత్త హెచ్చరికో తేల్చవలసింది మనిషే.

ఉరుముల రాత్రి పుట్టిన పరీక్ష

యంత్రంతో యంత్రాన్ని పరీక్షించే పద్ధతుల్లో పేరుపొందిన ఒకటి ఉరుములూ మెరుపుల మధ్య పుట్టింది. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బార్టన్ మిల్లర్ అనే ఆచార్యుడు ఒక రాత్రి ఇంటినుంచి ఫోను తీగ ద్వారా విశ్వవిద్యాలయం కంప్యూటర్‌పై పని చేస్తున్నాడు. బయట గాలివాన. ఆ వానకు ఫోను తీగలో గరగర మొదలై, ఆయన టైపు చేసిన అక్షరాల మధ్య పిచ్చి అక్షరాలు చేరాయి. దానికి ఆశ్చర్యం లేదు. కాని ఆ పిచ్చి అక్షరాలు తగలగానే ఎంతో కాలంగా వాడుకలో ఉన్న ప్రోగ్రాములు కుప్పకూలడం ఆయనకు వింత గొలిపింది.

ఆయన దానిని తన తరగతి విద్యార్థులకు పనిగా అప్పగించాడు. పిచ్చి అక్షరాలను తామరతంపరగా పుట్టించే చిన్న ప్రోగ్రాము రాసి, కంప్యూటర్‌లోని ఇతర ప్రోగ్రాముల మీదికి వదలమన్నాడు. ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. పరీక్షించిన ప్రతి రకం యూనిక్స్ కంప్యూటర్‌లోనూ నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ప్రోగ్రాములు కూలిపోయాయి. ‘ఫజ్జింగ్’ అని పేరుపడిన ఈ పద్ధతిని నేడు పెద్ద పెద్ద సంస్థలు రాత్రింబవళ్ళు వాడుతున్నాయి.

ఇందులో గమనించవలసిన విశేషమొకటి ఉన్నది. ఈ పని చేసినది ఆరితేరిన నిపుణులు కారు, తరగతిలో కూర్చున్న విద్యార్థులు. వారి వెనుక దారి చూపే గురువు ఉన్నాడు.

యంత్రం ఏమేమి చూస్తుంది?

తరువాతి కాలంలో ఈ పనికి సాధనాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒక కంప్యూటర్‌కు ఏ ఏ తలుపులు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టి చెప్పే ‘ఎన్‌మ్యాప్’ 1997లో వెలువడింది. తెలిసిన లోపాల జాబితాను పక్కన పెట్టుకుని, వాటిలో ఏవి ఇక్కడ ఉన్నాయో వెతికే ‘నెస్సస్’ 1998లో వచ్చింది. వెబ్‌సైట్లను పరీక్షించే ‘జాప్’ అనే ఉచిత సాధనం 2010 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నది.

వీటి అసలు ప్రయోజనం వేగం ఒక్కటే కాదు, క్రమం తప్పకపోవడం. ప్రభుత్వ వెబ్‌సైట్లను ప్రజలకు తెరిచే ముందు గుర్తింపు పొందిన ఆడిటర్ల చేత భద్రతా పరీక్ష చేయించాలనే నియమం మన దేశంలో ఉన్నది. కాని ప్రోగ్రాము ఒకసారి రాసి వదిలేసేది కాదు. కొత్త పథకం వస్తే మారుస్తారు, గడువు పొడిగిస్తే మారుస్తారు. మార్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక తలుపు గడియ ఊడే ప్రమాదం ఉన్నది. వేసవిలో ఒకసారి చెరువు కట్ట చూసి వచ్చి, వానాకాలమంతా నిశ్చింతగా నిద్రపోయే రైతు లేడు కదా. అందుకే మార్పు జరిగిన ప్రతిసారీ పరీక్ష దానంతట అదే నడిచే ఏర్పాటు చేస్తున్నారు. పరీక్షలో తప్పితే ఆ మార్పు ప్రజల ముందుకు రాకుండా ఆగిపోతుంది.

అయినా యంత్రానికి అందనివి ఉన్నాయి. హైదరాబాదులోని మహేష్ సహకార బ్యాంకు నుంచి 2022 జనవరిలో దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిళ్ళ ద్వారా వారు లోపలికి చొరబడినట్టు పోలీసులు తేల్చారు. తలుపును యంత్రం కాచినా, లోపలివారే గడియ తీస్తే అది చేయగలిగింది తక్కువ.

ఒక్క అంకె మారిస్తే పరాయివారి దస్తావేజు

యంత్రమూ మనిషీ ఇద్దరూ కలవకపోతే ఏమవుతుందో అమెరికాలో జరిగిన ఒక ఉదంతం కళ్ళకు కడుతుంది. అది భూమి కాగితాల సంగతి కనుక మనకు సులువుగా అర్థమవుతుంది.

ఫస్ట్ అమెరికన్ అనేది ఇళ్ళు, స్థలాల హక్కులకు బీమా చేసే పెద్ద కంపెనీ. కొనుగోలుదారులకు తమ కాగితాలు చూసుకునేందుకు అది ఒక వెబ్ చిరునామా పంపేది. ఆ చిరునామా చివర ఒక సంఖ్య ఉండేది. ఆ సంఖ్యలో ఒక అంకె మారిస్తే వేరే ఎవరివో కాగితాలు తెరుచుకునేవి. సంతకం అడిగేవాడు లేడు, పాస్‌వర్డ్ అడిగేవాడు లేడు. ఇలా సుమారు 88 కోట్ల 50 లక్షల కాగితాలు బయటపడి ఉన్నట్టు 2019 మే నెలలో విలేకరి బ్రయన్ క్రెబ్స్ వెల్లడించాడు. దీనిని మొదట పసిగట్టి ఆయనకు చెప్పినది స్థలాల వ్యాపారంలో ఉన్న ఒక వ్యక్తి, భద్రతా నిపుణుడు కాదు.

అసలు కథ ఆ తరువాత బయటికి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్ర ఆర్థిక సేవల శాఖ 2020 జూలైలో ఆ కంపెనీపై అభియోగాలు మోపింది. వాటి ప్రకారం ఆ లోపం 2014 నుంచీ ఉన్నది. 2018 డిసెంబరులో కంపెనీ సొంత పరీక్షలోనే అది బయటపడింది. అంటే తాళం పడలేదని ఇంటివారికి ముందే తెలిసింది. అయినా దానిని చిన్న లోపాల కింద జమకట్టారు. సరిచేయించే బాధ్యతను కొత్తగా చేరిన ఒక ఉద్యోగికి అప్పగించారు. ఆ ఉద్యోగికి సమాచార భద్రతలో అనుభవం బహు తక్కువ. ఆ కాగితాలు ఎంత గుట్టుగా ఉంచవలసినవో వారికి చెప్పినవారు లేరు. నియమాల ప్రతి ఇచ్చినవారు లేరు. ఆ పనిలో చేయూత ఇచ్చినవారూ లేరని అభియోగ పత్రం పేర్కొన్నది. నెలలు గడిచాయి, తలుపు తెరిచే ఉన్నది. చివరకు 2023లో ఆ కంపెనీ పది లక్షల డాలర్లు చెల్లించి ఆ కేసును పరిష్కరించుకున్నది.

పరీక్ష తన పని తాను చేసింది. లోపం దొరికింది. కొత్త మనిషిని ఒంటరిగా వదిలేయడంతో కథ అడ్డం తిరిగింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అని మన పెద్దలంటారు. ఇక్కడ కుక్క ముందే మొరిగింది, లేచి చూసినవారే లేరు.

ఉపాధి కూలీల ఆధార్ నంబర్లు అంగట్లో

అమెరికా దాకా పోనక్కరలేదు. 2017 మే నెలలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక నివేదిక ప్రకటించింది. అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి దానిని రాశారు. కొడాలి హైదరాబాదు కేంద్రంగా పనిచేసే తెలుగు పరిశోధకుడు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో పేదల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని ఆ నివేదిక వెల్లడించింది. రెండు కేంద్ర ప్రభుత్వానివి - పింఛన్ల పథకం, ఉపాధి హామీ. మిగిలిన రెండు ఆంధ్రప్రదేశ్‌వి - ఉపాధి హామీ చెల్లింపుల లెక్కలు, చంద్రన్న బీమా. అలా కనిపించిన ఆధార్ నంబర్లు 13 కోట్ల నుంచి 13 కోట్ల 50 లక్షల వరకు ఉండవచ్చునని, బ్యాంకు ఖాతా నంబర్లు సుమారు 10 కోట్లని వారు అంచనా కట్టారు.

ఇక్కడ ఎవరూ తాళం పగలగొట్టలేదు. లెక్కలు పారదర్శకంగా ఉండాలనే సదుద్దేశంతో పెట్టిన పట్టికల్లోనే ఆ నంబర్లు కూడా పడిపోయాయి. చెరువు తవ్విన కూలీకి ఎన్ని రూపాయలు ముట్టాయో ఊరికి తెలియాలి. ఆమె ఆధార్ నంబరు ఊరికి అక్కరలేదు. ‘మీ పింఛను ఆగింది, మీ ఖాతా నంబరు ఇదేనా?’ అని ఫోను చేసే మోసగాడికి ఇలాంటి వివరాలే పెట్టుబడి.

ఈ తప్పు పట్టుకోవడం యంత్రానికి చాలా తేలిక. ఆధార్ నంబరులో పన్నెండు అంకెలు. మొదటి పదకొండు అంకెలను ఒక నియమం ప్రకారం లెక్కిస్తే చివరి అంకె రావాలి. డచ్చి గణితవేత్త వెర్హూఫ్ 1969లో ప్రకటించిన పద్ధతి అది. అంకె తప్పు రాస్తే పట్టుకోవడానికి ఆ ఏర్పాటు. ఇష్టం వచ్చినట్టు రాసిన పన్నెండంకెల సంఖ్యలు పది తీసుకుంటే, సగటున ఒక్కటే ఈ లెక్కలో నెగ్గుతుంది. కనుక ఒక పట్టికలోని సంఖ్యలన్నీ వరుసగా నెగ్గితే అవి ఆధార్ నంబర్లేనని అనుమానించి, ఆ పేజీని ప్రకటించకుండా ఆపే ప్రోగ్రాము రాయవచ్చు. ప్రోగ్రాము రాయడం నేర్చుకుంటున్న డిగ్రీ విద్యార్థికి అది కొద్ది రోజుల పని. కొత్తవారికి అప్పగించదగిన మొదటి పని సరిగ్గా ఇలాంటిదే.

గీత దాటితే నేరం

తాళాలు లాగి చూడడం నేర్చుకున్న చెయ్యి ఎటైనా పోవచ్చు. మిల్లర్ విద్యార్థులు పరీక్షలు చేసిన 1988లోనే, నవంబరు 2న, కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి రాబర్ట్ మోరిస్ తాను రాసిన ప్రోగ్రామును ఇతరుల కంప్యూటర్లపైకి వదిలాడు. అది చీడలా పాకి వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. అతనికి కోర్టు శిక్ష పడింది. ఇద్దరి తెలివీ ఒకలాంటిదే. అక్కడ అనుమతి, పర్యవేక్షణ ఉన్నాయి. ఇక్కడ లేవు.

2024లో తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్ నుంచి సమాచారం బయటికి పొక్కింది. ఆ ఏడాది జూన్‌లో ఇరవై ఏళ్ళ యువకుణ్ణి అరెస్టు చేసినట్టు పోలీసులు ప్రకటించారు. తెలివిగల కుర్రవాడికి సరైన తోవ చూపకపోతే ఎంత దూరం పోతాడో ఊహించుకోవచ్చు.

మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లో దురుద్దేశంతో చొరబడితే మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కనుక నేర్చుకునే పిల్లలు మండలాఫీసు వెబ్‌సైటు మీదనో, బ్యాంకు యాప్ మీదనో ప్రయోగాలు చేయరాదు. కావాలనే లోపాలు పెట్టి, సాధన కోసం తయారుచేసిన ‘జ్యూస్ షాప్’, ‘వెబ్‌గోట్’ వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. సొంత కంప్యూటర్‌లో వాటిని పెట్టుకుని ఎంతైనా సాధన చేయవచ్చు. కుస్తీ నేర్చుకోవడానికి తాలింఖానా ఉన్నట్టే ఇదీను.

నిజంగా ఎక్కడైనా లోపం కంటబడితే నలుగురిలో చాటించరాదు. కేంద్ర ప్రభుత్వం 2004లో నెలకొల్పిన ‘సెర్ట్-ఇన్’ సంస్థకు తెలియజేయాలి. అలాంటి సమాచారం తీసుకుని సంబంధిత శాఖ చేత సరిచేయించే బాధ్యత దానిది.

బాసర దాకా ఉన్న తోవ

ఈ చదువుకు హైదరాబాదులో ధనవంతుల పిల్లలే పనికివస్తారనుకోవడం పొరపాటు. మద్నూర్ ప్రాంతం వారు పిల్లలను అక్షరాభ్యాసానికి తీసుకుపోయే బాసరలోనే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉన్నది. పదో తరగతి మార్కుల ఆధారంగా చేర్చుకుని, ఆరేళ్ళలో ఇంజినీరింగు పూర్తి చేయించే ఈ సంస్థలో గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ప్రాధాన్యం ఉన్నది. కంప్యూటర్ సైన్సు అక్కడ బోధిస్తారు.

హైదరాబాదులోని సీ-డాక్ సంస్థ సైబర్ భద్రత గురించి తెలుగులో కూడా ప్రచార సామగ్రి తయారుచేస్తున్నది. బ్యాంకుల సాంకేతిక పరిశోధనకు రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన సంస్థ కూడా హైదరాబాదులోనే ఉన్నది. ఈ రంగంలో పనిచేసేవారు కలిసి మాట్లాడుకునే ‘నల్’, ‘ఓవాస్ప్’ సంఘాలకు హైదరాబాదులో శాఖలున్నాయి. కొత్తవారికి అలాంటి చోట దొరికే పరిచయాలు పుస్తకాలకు మించి ఉపకరిస్తాయి.

కొత్తగా అడుగుపెట్టేవారు ముందుగా కంప్యూటర్ల మధ్య సమాచారం ఎలా ప్రయాణిస్తుందో నేర్చుకోవాలి. ఒక చిన్న ప్రోగ్రాము సొంతంగా రాయగలగాలి. ఆ తరువాతే సాధనాల జోలికి పోవాలి. సాధనం వంద హెచ్చరికలు చూపితే వాటిలో ఏవి ఉత్తవో విడదీయడం, మిగిలినవాటిని అధికారికి అర్థమయ్యే మాటల్లో రాసి ఇవ్వడం అసలైన విద్య. మొదటిసారి ఏ పిల్లవాడూ దానిని సరిగా రాయలేడు. పక్కన కూర్చుని దిద్దే పెద్ద ఒకరుండాలి.

చేయవలసినవి

లోపాలు పట్టే యంత్రాలు రోజురోజుకూ తెలివి మీరుతున్నాయి. కనుక ఇక కొత్తవారి అవసరం లేదని కొందరు భావిస్తున్నారు. ఫస్ట్ అమెరికన్ ఉదంతం చూస్తే అది సరికాదని తేలుతుంది. యంత్రం ఎక్కువగా పట్టే కొద్దీ తేల్చి సరిచేయించే మనుషులు ఎక్కువగా కావాలి. తేమ యంత్రం వచ్చినంత మాత్రాన పత్తి తెలిసినవారి అవసరం తీరిపోలేదు.

2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచారాన్ని భద్రంగా ఉంచనివారిపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. జరిమానా పడ్డాక మేలుకోవడం కన్నా, రైతుల వివరాలు తీసుకునే ప్రతి శాఖా తన ప్రోగ్రాము మార్చిన ప్రతిసారీ పరీక్ష నడిపే ఏర్పాటు చేయవలసి ఉన్నది. ఆ పనిలో జిల్లా డిగ్రీ కళాశాలల విద్యార్థులను శిక్షణకు తీసుకుని, ఒక్కొక్కరికి అనుభవజ్ఞులను జతచేస్తే రెండు విధాలా మేలు. పల్లెటూరి పిల్లవాడికి జాబ్ కార్డు అంటే ఏమిటో, పింఛను ఆగితే ముసలమ్మకు ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. న్యూయార్క్ కేసులో ఆ కొత్త ఉద్యోగికి చెప్పకుండా వదిలేసిన సంగతి సరిగ్గా అదే.

ఇక రైతులు తమవంతుగా గుర్తుంచుకోవలసినది స్వల్పం. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. వాట్సాప్‌లో వచ్చిన యాప్‌ను ఫోనులో పెట్టుకోరాదు. సొమ్ము పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారి దొరకకుండా పోతుంది.

వీటితోపాటు మరొకటి కూడా చేయవచ్చు. ఆధార్ జిరాక్సు అడిగిన ప్రతి అధికారినీ ‘ఈ కాగితం ఎక్కడ దాస్తారు, దానికి తాళం పడిందో లేదో ఎవరు చూస్తారు?’ అని అడగవచ్చు. అడిగే హక్కు పత్తి అమ్మే ప్రతి రైతుకూ ఉన్నది. సరైన జవాబు చెప్పగలిగే వ్యక్తి రేపు మద్నూర్ సర్కారు బడిలో చదివిన పిల్లే ఎందుకు కాకూడదు?